రాత్‌చైల్డ్ ఫార్వర్డ్ మళ్లీ వచ్చింది

నిన్న పొద్దున్నే మా ఫ్యామిలీ గ్రూపులో మళ్లీ దిగింది అది. పంపింది బాబాయి, కింద మూడు దండాల బొమ్మలు, "చదివి పది మందికి పంపండి". కొన్నేళ్లుగా తిరుగుతూనే ఉంది, వచ్చినప్పుడల్లా ఒక కొత్త పేరా అతుక్కుని వస్తుంది, ఈసారి మన హైదరాబాద్ హాస్పిటళ్లు కూడా ఎక్కాయి అందులో. విషయం ఏంటంటే, రాత్‌చైల్డ్ అనే ఒక్క కుటుంబం వాటర్లూ యుద్ధం కబురు ముందే తెలుసుకుని ఒక్క రోజులో ఇంగ్లండ్‌ని కొనేసిందట, మర్చంట్ బ్యాంకింగ్ కనిపెట్టింది వాళ్లేనట, మన రిజర్వ్ బ్యాంకుతో సహా ప్రపంచంలో సెంట్రల్ బ్యాంకులన్నీ వాళ్లవేనట, ఆస్తి 500 ట్రిలియన్ డాలర్లట, బ్లాక్‌స్టోన్ బ్లాక్‌రాక్ రెండూ వాళ్ల బినామీలట, ఆ బినామీలే ఇప్పుడు మన ఆసుపత్రులు కొంటున్నారట.

గ్రూపులో జవాబు రాస్తే బాబాయికి కోపం వస్తుంది, పోయినసారి పిన్ని ఫోన్ చేసి మరీ "వదిలెయ్ రా" అంది, అందుకే ఇక్కడ రాస్తున్నా. నేనేం చరిత్రకారుణ్ణి కాదు, కొన్నాళ్లు ఐపీఓ కాగితాల పని చేశా, మర్చంట్ బ్యాంకర్ అనే మాట రోజూ కళ్లబడేది, వర్తకుడికీ బ్యాంకుకీ ఏంటి సంబంధం అని వెతకడం మొదలెట్టి ఇలా తేలాను.

ముందు వాటర్లూ, 1815లో ఇంగ్లండ్, దాని మిత్రులు కలిసి నెపోలియన్‌ని ఓడించిన యుద్ధం. ఫార్వర్డ్ కథలో నేథన్ రాత్‌చైల్డ్ దగ్గరుండి యుద్ధం చూస్తాడు, తుఫానులో పడవవాడికి బోల్డంత డబ్బిచ్చి సముద్రం దాటుతాడు, లండన్ ఎక్స్ఛేంజ్‌లో స్తంభానికి ఆనుకుని ఏడుపు మొహం పెట్టి బ్రిటన్ ప్రభుత్వ బాండ్లు అమ్ముతాడు, అది చూసి అందరూ ఇంగ్లండ్ ఓడిపోయిందని అమ్మేసుకుంటారు, ధర పాతాళానికి పోయాక మొత్తం ఈయనే ఊడ్చేస్తాడు. సినిమా సీన్ లాగుంది కదా, 1940లో నాజీ జర్మనీలో నిజంగానే సినిమా తీశారు కూడా, ఎందుకు తీశారో చెప్పక్కర్లేదు.

ఈ కథ 1815లో పుట్టలేదు. 1846లో పారిస్‌లో ఒకాయన సైతాను అనే మారుపేరు పెట్టుకుని యూదుల మీద విషం కక్కుతూ ఒక కరపత్రం వేశాడు, ఊరూవాడా పాకించింది అది. అంటే యుద్ధమైన 31 ఏళ్లకి, నేథన్ పోయిన పదేళ్లకి, కాదనడానికి మనిషే లేనప్పుడు. యుద్ధం జరిగింది జూన్ 18 ఆదివారం, నేథన్ లండన్‌లోనే ఉన్నాడు. ఇంగ్లండ్ సేనాపతి వెల్లింగ్టన్ పంపిన మేజర్ హెన్రీ పెర్సీ అసలు కబురుతో లండన్ చేరింది 21 బుధవారం రాత్రి. ఈ మధ్యలో నేథన్‌కి ముందే ఏదో కబురు అంది ఉండొచ్చు, అది నేనూ ఒప్పుకుంటా, ఆ వార్త వల్ల మీకు మేలు జరిగిందట అని ఆయన మనిషి ఒకడు తర్వాత రాసిన ఉత్తరం కూడా ఉంది. కానీ గెలిచారన్న గుసగుసలు అప్పటికే ఊళ్లో ఉన్నాయి, ఆ వారం మార్కెట్ కుప్పకూలడం అనేది అసలు జరగనే లేదు. మరి కుప్పకూలకపోతే ఊడ్చేది ఏంటి?

నాకు దీనికంటే ఇంట్రెస్టింగ్ అనిపించేది అసలు సంగతి. 1814లో జాన్ హెరీస్ అనే బ్రిటిష్ అధికారి, ఫ్రాన్స్‌లో ఉన్న సైన్యానికి జీతాలివ్వడానికి యూరప్ అంతా తిరిగి బంగారు నాణేలు పోగుచేసే పని నేథన్‌కి అప్పజెప్పాడు. మరుసటేడు నెపోలియన్ ఎల్బా దీవి నుంచి తప్పించుకుని వచ్చేసరికి ఇక యుద్ధం ఏళ్ల తరబడి సాగుతుందని అనుకుని నేథన్ మళ్లీ బంగారం కొనడం మొదలెట్టాడు. తీరా చూస్తే వాటర్లూతో ఒక్క దెబ్బకి అయిపోయింది. సైన్యం ఇంటికి, బంగారం నేథన్ నెత్తి మీదికి. ఆ కుటుంబం కాగితాలు తిరగేసిన చరిత్రకారుడు నీల్ ఫెర్గూసన్ ఇదే అంటాడు, వాటర్లూ వాళ్లని కోటీశ్వరుల్ని చెయ్యడం కాదు, దాదాపు ముంచబోయింది అని. ఆ తర్వాత బ్రిటన్ బాండ్లు కొని, తొందరపడకుండా 1817 దాకా పట్టుకుని అమ్మాడు, డబ్బు వచ్చింది అక్కడ. ఓపిగ్గా రెండేళ్లు కూర్చున్నాడు అంటే ఎవడు ఫార్వర్డ్ చేస్తాడు చెప్పండి.

రెండోది, మర్చంట్ బ్యాంకింగ్ వాళ్లే కనిపెట్టారని. కాదు, వాళ్లు లేటుగా వచ్చిన బ్యాచ్. ఇటలీ ఫ్లారెన్స్‌లో మెడిచీ కుటుంబం 1397లోనే బ్యాంకు పెట్టింది. లండన్ సంగతే తీసుకున్నా బేరింగ్స్ బ్యాంకు 1762 నాటిది, దాన్ని పెట్టినవాళ్ల నాన్న జర్మనీ బ్రెమెన్ నుంచి ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ వచ్చి ఉన్ని బట్టల వ్యాపారం చేసినాయన. నేథన్ కూడా 1790ల చివర్లో ఇంగ్లండ్ వచ్చింది బ్యాంకు పెట్టడానికి కాదు, మాంచెస్టర్‌లో బట్టలు కొని యూరప్ పంపడానికి.

ఆ మాటలోనే ఉంది అంతా, ముందు వర్తకుడు, తర్వాత బ్యాంకరు. మనం చిట్ పాడుకుంటే షూరిటీ సంతకం అడుగుతారు కదా, మనల్ని నమ్మరు, గవర్నమెంట్ ఉద్యోగం ఉన్న బావగారిని నమ్ముతారు, సరిగ్గా అదే. ఎక్కడో దూరదేశంలో పత్తి అమ్మేవాడికి లండన్‌లో కొనేవాడెవడో తెలీదు, మూడు నెలల తర్వాత ఇస్తానని వాడు రాసిన కాగితాన్ని ఎందుకు నమ్మాలి? కానీ దాని మీద బేరింగ్ పేరు పడి, వీడు కట్టకపోతే నేను కడతా అని సంతకం ఉంటే ఆ కాగితం డబ్బుతో సమానం, ఏ ఊళ్లోనైనా మారుతుంది. మనవాళ్ల హుండీలు కూడా ఈ జాతే (గుళ్లో హుండీ కాదండోయ్). ఆ సంతకానికి కమీషన్ తీసుకునేవాళ్లు. కొన్నాళ్లకి సరుకు వ్యాపారం కంటే సంతకం వ్యాపారమే బాగుందని తెలిసింది, అక్కణ్నుంచి దేశాలకి అప్పులు ఇప్పించడం దాకా వెళ్లారు. 1803లో అమెరికా 15 మిలియన్ డాలర్లకి ఫ్రాన్స్ దగ్గర లూసియానా ప్రాంతం కొన్నప్పుడు బాండ్లు నడిపింది ఆమ్‌స్టర్‌డామ్ హోప్ కంపెనీ, లండన్ బేరింగ్స్. అదే ఏడు ఇంగ్లండ్‌కీ ఫ్రాన్స్‌కీ మళ్లీ యుద్ధం మొదలైంది, అంటే ఇంగ్లండ్ మీదికి వస్తున్న నెపోలియన్‌కి డబ్బు సర్దింది ఇంగ్లండ్ బ్యాంకరే. కుట్ర కథ కావాలంటే ఇది రాసుకోవచ్చు, నిజం కూడా, కానీ ఇందులో రాత్‌చైల్డ్ లేడుగా, పనికిరాదు.

ఒక్కసారి పైకొచ్చినవాళ్లు ఇక ఎప్పటికీ పైనే ఉన్నారు అన్నట్టు రాస్తారు చూడండి, అది నాకు అన్నిటికంటే చిరాకు. బేరింగ్స్ 1890లో అర్జెంటీనా బాండ్లు నెత్తిన పడి మునగబోతే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ చందాలు పోగేసినట్టు అందరి దగ్గరా హామీలు పోగేసి గట్టెక్కించింది. 1995లో సింగపూర్‌లో నిక్ లీసన్ అనే ఒక్క కుర్రాడు 827 మిలియన్ పౌండ్లు పోగొడితే 233 ఏళ్ల సంస్థని డచ్ వాళ్ల ఐఎన్‌జీ ఒక్క పౌండుకి కొన్నది. రాత్‌చైల్డ్‌లకీ అంతే, ఐదుగురు అన్నదమ్ములు ఐదు ఊళ్లలో పెట్టుకున్నారు కదా, నేపుల్స్ కొట్టు 1863లో మూతపడింది, ఫ్రాంక్‌ఫర్ట్‌ది 1901లో, మగపిల్లలు లేక. వియన్నాలో వాళ్లు పెట్టిన క్రెడిటాన్‌స్టాల్ట్ బ్యాంకు 1931లో కూలిపోయి యూరప్ మొత్తాన్ని కుదిపింది, 1938లో నాజీలు వచ్చి లూయీ రాత్‌చైల్డ్‌ని జైల్లో వేసి ఆస్తి లాక్కున్నారు. ప్రపంచాన్ని ఆడించేవాడు ఏడాది పాటు జైల్లో ఎందుకు కూర్చుంటాడో ఫార్వర్డ్ చెప్పదు. పారిస్ బ్యాంకుని 1982లో ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తెరాఁ ప్రభుత్వం జాతీయం చేసింది. ఇంక అమెరికాలో 1800లలో వాళ్లకి ఏజెంట్ తప్ప సొంత కొట్టే లేదు, ఆ ఖాళీలో ఎదిగినవాడే అక్కడి బ్యాంకరు మోర్గాన్. సొంత డబ్బుతో నడిచే వ్యాపారం కాబట్టి పిండి కొద్దీ రొట్టె, డిపాజిట్లు తీసుకునే పెద్ద బ్యాంకులు వచ్చాక వీళ్లు నిలబడలేకపోయారు, లండన్‌లో పాత పేర్లు మోర్గాన్ గ్రెన్‌ఫెల్, వార్‌బర్గ్, క్లీన్‌వర్ట్ అన్నీ 1989, 1995 మధ్య జర్మన్ స్విస్ బ్యాంకుల చేతికి పోయాయి.

అలాగని రాత్‌చైల్డ్‌లు పత్తిత్తులు అని కాదు. 1833లో బ్రిటన్ బానిసత్వం రద్దు చేస్తూ చట్టం చేసి నష్టపరిహారం ఇచ్చింది, ఎవరికి, బానిసలకి కాదు యజమానులకి, 20 మిలియన్ పౌండ్లు. అందులో 15 మిలియన్ల అప్పు 1835లో ఇప్పించింది నేథన్, ఆయన తోడల్లుడు మోజెస్ మాంటిఫియోరీ. ఇది నిజంగా జరిగింది, మాట్లాడాల్సింది ఇది. మూడు దండాలు పెట్టి దీన్ని ఎవరూ పంపరు.

మూడోది సెంట్రల్ బ్యాంకులు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పుట్టింది 1694, ఈ కుటుంబానికి మూలపురుషుడు మేయర్ ఆమ్షెల్ పుట్టింది 1744, లెక్క మీరే చూస్కోండి. 1946లో అది జాతీయం అయింది కూడా. అమెరికా సెంట్రల్ బ్యాంకు ఫెడ్ విషయంలో ఒక రహస్య మీటింగ్ జరిగిన మాట నిజమే, 1910 నవంబర్‌లో జెకిల్ ఐలాండ్‌లో సెనేటర్ ఆల్డ్రిచ్, పాల్ వార్‌బర్గ్, మోర్గాన్ కంపెనీ మనిషి ఇంకొందరు ఇంటిపేర్లు వాడకుండా గుట్టుగా వెళ్లి ప్లాన్ రాసుకున్నారు, రాత్‌చైల్డ్ ఒక్కడూ లేడు.

మన రిజర్వ్ బ్యాంకు గురించి మాత్రం బాబాయికి ఒక సగం మార్కు ఇవ్వాలి. 1935 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు అది నిజంగానే ప్రైవేటు వాటాదారులది, 5 కోట్ల మూలధనం, వంద రూపాయల షేర్లు, బొంబాయి కలకత్తా ఢిల్లీ మద్రాసు రంగూన్ అని ఐదు చోట్ల రిజిస్టర్లు. 1949 జనవరి 1న ప్రభుత్వం మొత్తం తీసేసుకుంది, ఒక్కో షేరుకి 118 రూపాయల 10 అణాలు ఇచ్చి. అణాలతో సహా చట్టంలో రాసిపెట్టిన దానికి బినామీ ఎక్కణ్నుంచి వస్తాడు.

500 ట్రిలియన్ గురించి పెద్దగా చెప్పను. ప్రపంచంలో మనుషులందరి ఆస్తీ, ఇళ్లూ బంగారం షేర్లూ కలిపి 2022 చివరికి 454 ట్రిలియన్ డాలర్లని యూబీఎస్ రిపోర్టు లెక్క. అంటే బాబాయి ఇల్లు కూడా వాళ్ల ఖాతాలో వేసినా ఇంకా 46 తక్కువ.

ఇక బ్లాక్‌స్టోన్. 1985లో పీటర్ పీటర్సన్, స్టీఫెన్ ష్వార్జ్‌మన్ తలా కొంచెం వేసుకుని 4 లక్షల డాలర్లతో పెట్టారు. ష్వార్జ్ అంటే జర్మన్‌లో నలుపు, పీటర్ అంటే గ్రీకులో రాయి, నల్లరాయి, అంతే, పిల్లలకి పేరు పెట్టినట్టు అమ్మ పేరులో ముక్క నాన్న పేరులో ముక్క. బ్లాక్‌రాక్ 1988లో వీళ్ల గొడుగు కిందే మొదలైంది, 1990ల మధ్యలో దాన్ని 240 మిలియన్లకి పీఎన్‌సీ బ్యాంకుకి అమ్మేసుకుని తర్వాత తల పట్టుకున్నాడు ష్వార్జ్‌మన్. పేర్లు కలిశాయి కానీ పని వేరు, బ్లాక్‌రాక్ ఎక్కువగా ఇండెక్స్ ఫండ్లు (మార్కెట్ సూచీలో ఉన్న షేర్లన్నీ కొనిపెట్టేవి) నడుపుతుంది, బ్లాక్‌స్టోన్ కంపెనీలు మొత్తంగా కొని అమ్ముతుంది, దీన్నే ప్రైవేట్ ఈక్విటీ అంటారు.

ఆ కొనడం ఎలాగో తెలిస్తే బినామీల అవసరమే ఉండదు. 1982లో అమెరికా మాజీ ఆర్థిక మంత్రి విలియం సైమన్ వాళ్లు గిబ్సన్ గ్రీటింగ్స్ అనే కార్డుల కంపెనీని 80 మిలియన్లకి కొన్నారు, జేబులోంచి పెట్టింది సుమారు ఒక మిలియన్, మిగతాదంతా అప్పు. ఏడాదిన్నర తిరక్కుండానే పబ్లిక్ ఇష్యూకి వెళ్తే కంపెనీ విలువ 290 మిలియన్లు. మనం అడ్వాన్స్ ఇచ్చి మిగతాది లోన్ పెట్టి ఇల్లు కొని, అద్దెతో ఈఎంఐ కట్టుకుంటాం చూడండి, అలాంటిదే, ఒక్కటే తేడా, ఇక్కడ లోన్ మన పేరు మీద కాదు ఇంటి పేరు మీద ఉంటుంది. ఇల్లు కూలితే అప్పు ఇంటిదే, మనకి పోయేది అడ్వాన్సే. బ్లాక్‌స్టోన్ లాంటిదే కేకేఆర్, 1976లో మొదలై, 1989కల్లా ఆర్‌జేఆర్ నబిస్కో అనే సిగరెట్లు, బిస్కెట్ల కంపెనీని సుమారు 25 బిలియన్లకి కొన్నది ఈ పద్ధతిలోనే. కోపం రావాలంటే దీనికి రావాలి, అప్పు కొన్నవాడిది కాదు, కొనబడ్డ కంపెనీది, అందులో పనిచేసేవాళ్లది.

హాస్పిటళ్ల సంగతి. హైదరాబాద్ కేర్ హాస్పిటల్స్‌ని 2023లో బ్లాక్‌స్టోన్ కొన్న మాట నిజం. కానీ దానికి ముందు చరిత్ర చూడండి, అడ్వెంట్ అనే ప్రైవేట్ ఈక్విటీ కంపెనీ చేతిలో ఉంటే 2016లో అలాంటిదే దుబాయ్ అబ్రాజ్ కొన్నది, 2018లో అబ్రాజే కుప్పకూలింది, దాని హెల్త్ ఫండ్ టీపీజీ అనే ఇంకో కంపెనీ చేతికి వెళ్లింది, వాళ్లు బ్లాక్‌స్టోన్‌కి అమ్మారు. ఎవరూ ఉంచుకోవడానికి కొనలేదు, నాలుగైదేళ్లలో ఎక్కువకి అమ్మడానికే కొన్నారు. బిల్లుల మీద దాని ప్రభావం ఏంటని అడగండి, న్యాయమైన ప్రశ్న. దాన్ని తీసుకెళ్లి వాటర్లూకి కడితే బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టడమే.

మరి ఆ ఫండ్లలో డబ్బు ఎవరిది అంటే, బాబాయి అసలు అడగాల్సింది ఇది. 1970ల చివర్లో అమెరికాలో పెన్షన్ ఫండ్ల రూల్స్ సడలించారు, 1981లో ఒరెగాన్ రాష్ట్ర ఉద్యోగుల పెన్షన్ డబ్బు కేకేఆర్‌లోకి వెళ్లింది, అక్కణ్నుంచి వరస కట్టాయి. బాబాయి పెద్ద కూతురు, మా చెల్లి, కాలిఫోర్నియాలో గవర్నమెంట్ స్కూల్ టీచర్. దాని జీతంలోంచి నెలనెలా కాల్‌స్టర్స్ అనే టీచర్ల పెన్షన్ ఫండ్‌కి కోత పడుతుంది, కాల్‌స్టర్స్ అందులో కొంత ప్రైవేట్ ఈక్విటీ ఫండ్లలో పెడుతుంది. బినామీ ఎవరో కావాలంటే సంక్రాంతికి ఇంటికొస్తోంది, అప్పుడు అడగమనండి.