మత్స్యావతారం, శేషశయనం

ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా. పిల్లాడికి క్రిస్మస్ సెలవులు, రాజమండ్రి నుంచి వచ్చిన అత్తయ్యగారు న్యూజెర్సీ చలికి గడప దాటడం లేదు, దగ్గర్లోని మల్టీప్లెక్స్‌లో చూస్తే న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా వాళ్ళ ‘హాన్సెల్ అండ్ గ్రెటెల్’, అంటే మాటల బదులు పాటలతో నడిచే నాటకం. 2008 జనవరి 1న థియేటర్లలో లైవ్‌గా చూపించిన దాని రికార్డింగే. పిల్లల కథ, పాటలు ఇంగ్లీషులోనే, పదండి అన్నాను. టికెట్ టికెట్‌కీ వేరే కన్వీనియెన్స్ ఫీజు గుంజారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

హాన్సెల్ అనే మగపిల్లాడి వేషం ఆలిస్ కూట్ అనే ఆవిడ వేస్తే, మంత్రగత్తె వేషం ఫిలిప్ లాంగ్రిడ్జ్ అనే ఆయన వేశాడని చెప్పగానే అత్తయ్యగారు ఉత్సాహంగా సర్దుకుని కూర్చున్నారు. “ఇందులో వింతేముందమ్మా, స్థానం నరసింహారావు గారు నాటకాల్లో సత్యభామ వేసేవారు కాదూ!”

రెండో అంకం చివర అడవిలో దారి తప్పిన పిల్లలిద్దరూ, పద్నాలుగు మంది దేవదూతలు మాకు కాపలా ఉంటారని ప్రార్థన పాడుకుని పడుకుంటారు. హాల్లో సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. వచ్చినవాళ్ళంతా డెబ్బై దాటినవాళ్ళు, దగ్గు వస్తే మింగేసే రకం. సరిగ్గా అప్పుడు అత్తయ్యగారి రిక్లైనర్, అదే బటన్ నొక్కితే వాలే సీటు, దానంతటదే ‘గుర్ర్ర్’మంటూ లేచింది.

అంటే కాళ్ళ వైపు లేచింది, తల వైపు దిగింది. కిందికి బటన్ నొక్కితే ఒక్క క్షణం ఆగి, ఆలోచించుకుని, ఇంకా పైకి. పైకి బటన్ నొక్కితే మాత్రం చెప్పిన మాట శ్రద్ధగా విని, అదీ పైకే. ఈలోగా శాలువా అంచు సీటు సందులో ఇరుక్కుపోవడంతో ఆవిడ దిగలేరు, నేను లాగితే ‘పర్ర్’మని ఇంకో చప్పుడు. ఆవిడ ఊలు మేజోళ్ళు ముందు వరుస పెద్దాయన బట్టతలకి జానెడు దూరంలో, గొడుగు పట్టినట్టు ఆగాయి. ఆయన మెల్లగా తల తిప్పి మేజోళ్ళని చూశాడు, మేజోళ్ళ మీదుగా నన్ను చూశాడు, మళ్ళీ తెర వైపు తిరిగాడు. తిట్టినా బాగుండేది.

తెర మీద రావలసింది దేవదూతలు. ఆకలితో ఉన్న పిల్లల కలలోకి రెక్కలెందుకు, అన్నం రావాలి గానీ అనుకున్నాడేమో ఈ డైరెక్టర్ రిచర్డ్ జోన్స్, గుమ్మడికాయల్లాంటి పెద్ద తలకాయలున్న వంటవాళ్ళని పద్నాలుగు మందిని దింపాడు. వాళ్ళతో పాటు చేప తలకాయతో, కోటు వేసుకున్న ఒక సర్వర్. నిజం చెప్పాలంటే అద్భుతమైన ఆలోచన, తీరిగ్గా చూడనిస్తే.

శేషతల్పం మీద విష్ణుమూర్తిలా పడుకున్న అత్తయ్యగారు చేప తలని చూసి, హాలంతా వినిపించేలా, “అమ్మాయ్, మత్స్యావతారమే!” అన్నారు. మావాడు పగలబడి నవ్వాడు.

తర్వాత టార్చిలైటు వేసుకుని ఒక కుర్రాడు వచ్చి, “బటన్ నొక్కి చూశారా?” అని అడిగాడు. నేనేం జవాబిచ్చానో ఇక్కడ రాయను.

మంత్రగత్తెని పొయ్యిలోకి తోసేటప్పటికి మేము లాబీలో ఉన్నాం, మేనేజరు ముందు. డబ్బు వెనక్కివ్వడం కుదరదట, కన్వీనియెన్స్ ఫీజు అసలే కుదరదట. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పెట్టుకోవాలట. చేతిలో ఒక ఫ్రీ పాప్‌కార్న్ కూపన్ పెట్టాడు. కారెక్కాక చదివితే దాని వెనక ఉంది, ఒపెరా వంటి ప్రత్యేక ప్రదర్శనలకి చెల్లదని.