సిరొంచకు సముద్రం మంజూరు చేయవలసిందిగా మనవి

మహారాష్ట్ర అనే రాష్ట్రం ముంబయిలోని బాంద్రా పశ్చిమంలో మొదలై, జుహూ తీరం వెంట కొంతదూరం సాగి, పొవాయ్ చెరువు గట్టున ముగుస్తుందన్న సంగతి హైదరాబాదులోను, కరీంనగర్‌లోను ఉన్న మా బంధువర్గానికి చిరకాలంగా తెలుసు. తెలియనిదల్లా 1960 మే 1న ఈ రాష్ట్రానికి హద్దులు నిర్ణయించిన పెద్దలకే. వారు ఏ పరధ్యానంలో ఉన్నారో గాని, తూర్పున ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు దాకా, ఆ పైన ఇంద్రావతి కలిసే చోటు దాకా గీత లాగి, ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో గోండు గిరిజనుల మాడియా మాట్లాడుకునే మమ్మల్ని కూడా లోపలే ఉంచేశారు. దీనివల్ల రాష్ట్ర ప్రతిష్ఠకు నానాటికీ వాటిల్లుతున్న నష్టాన్ని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా వాస్తవ్యుడిగా సవినయంగా విచారించడం నా విధి అనుకుంటున్నాను.

నష్టం మొదట బయటపడేది పెళ్లిచూపుల దగ్గర. అబ్బాయిది మహారాష్ట్ర అని మధ్యవర్తి చెప్పగానే అమ్మాయి మేనమామ కళ్లలో అలలు లేస్తాయి. ఇంటి నుంచి సముద్రం కనిపిస్తుందా అని ఆయన అడిగితే, నది అవతలి కాళేశ్వరం కనిపిస్తుందని అబ్బాయి నిజం చెబుతాడు. అంటే మహారాష్ట్ర సంబంధం చేసుకుని కూడా పిల్ల రోజూ తెలంగాణనే చూస్తూ కూర్చోవాలా అని ఆయన నొచ్చుకుంటాడు. అక్కడి పబ్బులు తెల్లవార్లూ తెరిచే ఉంటాయట కదా, కుర్రాడికి అలవాట్లేమైనా ఉన్నాయా అని ఇంకొకరు గొంతు తగ్గించి అడుగుతారు. మా జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం అమలులో ఉందని చెబితే ఆ ఇంట్లో నమ్మేవారుండరు. నమ్మినవారు మాత్రం, ఇలాంటి చోటుకు పిల్లనెలా ఇస్తామన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. (నిషేధం నది అవతలి ఒడ్డుకు వర్తించదన్న సంగతి ఇక్కడ అప్రస్తుతం.)

మా ఊరికీ ముంబయికీ మధ్య దాదాపు వెయ్యి కిలోమీటర్లు ఉంటుంది. మా దగ్గర సూర్యుడు ముంబయి కంటే ఇంచుమించు అరగంట ముందే ఉదయిస్తాడు గనుక, రాష్ట్రంలో ప్రతి కొత్తరోజునూ ముందుగా అందుకునేవారిలో మేమూ ఉన్నాం. ఆ తరువాత దినమంతా అందవలసినవన్నీ అరగంట కంటే కాస్త ఎక్కువ ఆలస్యంగా అందడం వేరే విషయం.

న్యాయం చెప్పాలంటే బాంద్రా కూడా పూర్తిగా బాంద్రా కాదు. రైలు పట్టాలకు పడమటి వైపున్నదే బాంద్రా. తూర్పు వైపున బెహ్రాంపాడా బస్తీలో ఒక గది మీద మరో గది, దాని మీద రేకు వేసుకుని బతికేవారు కూడా అదే బాంద్రా పౌరులైనా, రాష్ట్రానికి ప్రతినిధులుగా ఎంపిక కాలేదు. బృహన్ముంబయి జనాభాలో నూటికి నలభై మందికి పైగా మురికివాడల్లోనే ఉన్నారని 2011 జనగణన చెప్పింది. మిగిలిన అరవై మందిలోనూ సముద్రం కనిపించే కిటికీ ఎందరికి ఉందో గాని, మనకు తెలిసిన మహారాష్ట్రీయుడు మాత్రం ఆ కిటికీ పక్కనే నిలబడి కాఫీ తాగుతుంటాడు. సినిమావాళ్ల ఇళ్లు అక్కడే, టీవీ స్టూడియోలు అక్కడికి దగ్గర్లోనే, విమానాశ్రయమూ ఆ చుట్టుపక్కలే. ఆటోలో వెళ్లి సాయంత్రంలోగా తిరిగి రాగలిగినంత మేరే రాష్ట్రం అనుకోవడంలో కెమెరా పట్టుకున్నవాడి తప్పేమీ లేదు. 2009లో 5.6 కిలోమీటర్ల సీ లింకు వంతెన తెరిచిన నాటి నుంచి పని మరీ సులువైంది: దాన్ని ఒకసారి పై నుంచి చూపిస్తే 36 జిల్లాలనూ చూపించినట్టే.

మా జిల్లాను అసలు చూపించరని నేను అనను. అడవిలో కాల్పులు జరిగిన రోజున తప్పక చూపిస్తారు. ఆ విధంగా దేశప్రజల మనసులో మహారాష్ట్రకు రెండు బొమ్మలున్నాయి: ఒకదానిలో సముద్రం, రెండోదానిలో తుపాకీ. పత్తి ఏరుకుని, పిల్లలను బడికి పంపి, సాత్‌బారా అనే భూమి హక్కుల కాగితం కోసం తలాఠీ (గ్రామ రెవెన్యూ అధికారి) దగ్గర పడిగాపులు పడేవారు ఈ రెండు బొమ్మల్లో ఎందులో నిలబడాలో తెలియక ఫొటో దిగడమే మానేశారు.

బయటివారి అపోహ బయటివారితో ఆగితే నవ్వుకుని ఊరుకోవచ్చును. అది ప్రభుత్వ లెక్కల్లోకి ఎక్కి సగటు అనే పేరుతో తిరిగి మా ఇంటికే వస్తుంది. రాష్ట్ర తలసరి ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల రూపాయలు దాటిందని ఆర్థిక సర్వేలో ఘనంగా ప్రకటించారు. అదే సర్వేలో జిల్లాల పట్టిక తెరిస్తే ముంబయి పై వరసలోను, గడ్చిరోలి అట్టడుగు వరసల్లోను కనిపిస్తాయి; అయితే పట్టిక దాకా వెళ్లే ఓపిక ఎవరికుంటుంది? దేశమంతటా వ్యాపారం చేసే సంస్థలు కేంద్ర కార్యాలయాన్ని ముంబయిలో పెట్టుకుంటాయి, అక్కడే పన్ను కడతాయి, ఆ గొప్పదనమంతా రాష్ట్రం ఖాతాలో పడుతుంది, దాన్ని మా తలలతో కలిపి భాగిస్తారు. భాగహారంలో మా తలలు ఉంటాయి, పంపకంలో ఉండవు. అంత సగటు ఆదాయం గల మహారాష్ట్ర పౌరులు ఏటా మిరప కోతలకు పిల్లాపాపలతో వాహనాలెక్కి తెలంగాణలోని చేలకు కూలికి వెళతారు. వారిని చూసిన భూపాలపల్లి రైతు, పాపం ఏ రాష్ట్రపువారో అనుకుంటాడే గాని, వీరిది బాంద్రా రాష్ట్రమని కలలో కూడా అనుకోడు.

రైలు సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే చెప్పడానికి అంతకంటే లేదు. ఈ దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853లో ముంబయి నుంచి ఠాణాకు నడిచింది. ఆ రైలు స్ఫూర్తితో పద్నాలుగు వేల చదరపు కిలోమీటర్లు దాటిన మా జిల్లాకు జిల్లా ఉత్తరపు అంచున, వడ్సాలో, ఒక స్టేషను వచ్చింది. సమృద్ధి అని పేరు పెట్టిన 701 కిలోమీటర్ల మహామార్గం ముంబయి వైపు నుంచి చూస్తే నాగపూర్‌కు చేరుతుంది. మా వైపు నుంచి చూస్తే సమృద్ధి నాగపూర్‌లోనే ఆగిపోతుంది. అక్కడ దిగి ఎస్టీ (రాష్ట్ర రవాణా సంస్థ) బస్సు ఎక్కి ఆలపల్లి మీదుగా సిరొంచకు వచ్చే ప్రయాణికుడికి, మహారాష్ట్ర ఎంత పెద్ద రాష్ట్రమో నడుము నొప్పే చెబుతుంది.

పేరు ఒకరిది, సొత్తు ఒకరిది కావడం మాకు అలవాటే. కొత్త పార్లమెంటు భవనానికి వాడిన టేకు నాగపూర్ నుంచి తెప్పించారని పత్రికలన్నీ రాశాయి. నాగపూర్‌లో ఏ కూడలి దగ్గర ఆ టేకు తోపు ఉందో నేను కనుక్కోలేకపోయాను. విదర్భలో పేరుమోసిన టేకు అడవులు చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల్లో ఉన్నాయన్నది ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు. మా తాలూకాలో పోచంపల్లి ఉందంటే చాలు, పట్టుచీరలు టోకున ఇప్పిస్తారా అని వదినలు అడుగుతారు. మా పోచంపల్లిలో చీరలు లేవు. అక్కడ దొరికింది రాక్షసబల్లి. 1958, 1961 సంవత్సరాల మధ్య ఆ ఊరి దగ్గర తవ్విన ఎముకలకు 1975లో రవీంద్రనాథ ఠాగూరు పేరు కలిపి బరపాసారస్ టాగోరై అని నామకరణం చేశారు. దాదాపు 14 మీటర్ల పొడవున్న ఆ పెద్దమనిషి జురాసిక్ కాలం నుంచి సిరొంచ స్థిరనివాసి. ఇప్పుడు కోల్‌కతాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో నిలబడి ఉన్నాడు. ఆయన పొరపాటున జుహూ ఇసుకలో చనిపోయి ఉంటే ఈపాటికి ఒక కూడలికి, రెండు భవన సముదాయాలకు, ఒక మెట్రో స్టేషనుకు ఆయన పేరు పెట్టేవారు.

ఇక సముద్రం. మహారాష్ట్రీయుడికి సముద్రం ఎదురుగా ఉండాలన్నది అందరూ ఒప్పుకున్న నియమం గనుక, మాకూ ఒకటి మంజూరు చేయాలని ఒకప్పుడు ఎవరో గట్టిగానే కోరుకుని ఉండాలి. 2016 ఆగస్టు 23న ముంబయిలో రెండు రాష్ట్రాలు ఒప్పందం మీద సంతకాలు చేశాయి. మేడిగడ్డ దగ్గర వంద మీటర్ల మట్టానికి గోదావరిని నిలబెట్టే బ్యారేజీ లేచింది. దాని ఒక కొస తెలంగాణలో ఉంటే రెండో కొస మన పోచంపల్లి దగ్గర, సరిగ్గా రాక్షసబల్లి పడుకుని ఉన్న వైపే ఆనింది. 2019 జూన్ 21న జరిగిన ప్రారంభోత్సవానికి మన ముఖ్యమంత్రి కూడా అతిథిగా వచ్చారు. ఆ తరువాత ఒడ్డునున్న రైతులకు చేను గట్టు మీద నిలబడితే కనుచూపు మేర నీళ్లే. కొందరికైతే నిలబడడానికి గట్టు కూడా మిగలలేదు. బాంద్రాలో సముద్రం కనిపించే ఇల్లు కావాలంటే కోట్లు పోయాలి; మా వాళ్లకు చేలోనే ఇచ్చారు, పైగా వారే భూమి ఇచ్చుకున్నారు. పరిహారం ఎప్పుడని వారు ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే, ఇంత చక్కటి దృశ్యం ఎదుట పెట్టుకుని ఈ గొడవేమిటని విసుక్కోవడం రసజ్ఞులకు సహజమే. 2023 అక్టోబరు 21న బ్యారేజీ స్తంభాలు కుంగాయి, నీళ్లు వదిలేశారు, సముద్రం వెళ్లిపోయింది. ఆ కుంగుబాటు గురించి హైదరాబాదులో ఎంత చర్చ జరిగిందంటే, ఆ బ్యారేజీకి రెండో ఒడ్డు ఒకటుందని, అక్కడా మనుషులున్నారని అనడానికి ఎవరికీ సందు దొరకలేదు.

హైదరాబాదును నేను తప్పుపట్టను. తెలంగాణ అంటే గచ్చిబౌలి అద్దాల మేడలని మా సిరొంచ కుర్రకారు నమ్మకం. కాళేశ్వరం, మహాదేవపూర్ వాళ్లు రోజూ వంతెన దాటి వచ్చి ఎదుట కూర్చుని చాయ్ తాగుతున్నా ఆ నమ్మకం చెదరదు. వీళ్లేదో తెలంగాణలో లెక్కలోకి రాని తెలంగాణవాళ్లని సరిపెట్టుకుంటారు.

మాకూ ఒక తూర్పు ఉంది. వానాకాలంలో పర్లకోట నది పొంగి వంతెన మునిగితే భామ్రాగఢ్‌కు దారి ఉండదు. ఆ వైపు మాడియా పల్లెల దృష్టిలో సిరొంచ అంటే ఏడాది పొడుగునా మునగని పెద్ద వంతెన, తెలంగాణ బస్సులు, శీతలపానీయాల దుకాణాలు, మిర్చి డబ్బులో మునిగి తేలే షావుకార్లు. అటు నుంచి పని మీద వచ్చిన ఒక యువకుడు మా బజారులో, సిరొంచలో అందరివీ రెండంతస్తుల ఇళ్లేనట కదా అని మర్యాదగా అడిగాడు. అక్కడున్న మా పెద్దల్లో, అంతవరకు బాంద్రావాళ్ల మీద మండిపడుతున్నవారితో సహా, ఎవరూ ఆ మాటను ఖండించలేదు. చొక్కాలు సవరించుకుని లేచి, మేడలున్న ఒక్క వీధి గుండానే అతన్ని బస్టాండు దాకా నడిపించి సాగనంపారు.