ఫ్లాష్ గారి పదమూడో రోజు

బ్రౌజరులో కదిలే బొమ్మలు, పాఠాలు ఆడించే అడోబీ కంపెనీ వారి ఫ్లాష్ ప్లేయర్ 2020 డిసెంబరు 31న కాలం చేసింది. 2021 జనవరి 12 నుంచి అందులో ఏ బొమ్మా ఆడకుండా అడోబీ తాళం వేసింది. పోయిన రోజుతో కలిపి లెక్కేస్తే సరిగ్గా పదమూడో రోజు. అమెరికా కంపెనీకి మన కర్మకాండ లెక్క ఎవరు చెప్పారో! పైగా పోతున్నానని 2017 జులైలోనే కబురు పెట్టింది. ఇంత మర్యాద తెలిసినదాన్ని నెల్లూరు జిల్లా శిక్షణ కేంద్రాలు ఊరికే వదులుకుంటాయా?

అందుకే మూలగదిలో ఒక విండోస్ 7 పెట్టె. ఇంటర్నెట్ వైరు పీకేసి, గుడ్డ కప్పి, దసరాకి కుంకుమబొట్టు పెట్టి కాపాడుతున్నారు. ఫ్లాష్‌లో చేసిన ‘ఆన్‌లైన్ కోర్సు’ అందులోనే ఉంది. ఆన్‌లైన్లో పెడితే నడవదు, అంతే.

కోర్సు రొయ్యల రైతులకి. తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ పడిపోతే ఏం చేయాలి అని అడుగుతుంది. నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరియేటర్ యంత్రం బొమ్మను మౌసుతో లాక్కొచ్చి గుంటలో వేయాలి. అల్లూరు, ఇందుకూరుపేట వైపు గట్టు మీద నిలబడ్డ రైతు చేతిలో ఉండేది ఫోను. ఇదే పాఠాన్ని ఫోన్లో పెట్టినా, వేలితో లాగితే ఏరియేటర్ కదలదు, పేజీ మొత్తం పైకి జరిగిపోతుంది. రొయ్య మీద మౌసు పెడితే భాగాల పేర్లు కనబడతాయట. వేలికి నొక్కడమే తెలుసు, గాల్లో ఆగి చూడటం తెలియదు. నిజమైన ఏరియేటర్ వేసుకోవడమే సులువు.

సరే, కోర్సును ఫోన్లో నడిచేలా మార్చాలని పై నుంచి ఉత్తర్వు వచ్చింది. మొదటి ప్రశ్న: ఎఫ్‌ఎల్‌ఏ ఫైలు ఎక్కడ? చేతిలో ఉన్న ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైలు వండిన పులుసు, ఆడించి చూడటానికే. ఎఫ్‌ఎల్‌ఏ అంటే చేపలు, చింతపండు విడివిడిగా ఉన్న బుట్ట. ఆ బుట్ట కాంట్రాక్టరుతో పాటే పోయింది. పులుసును మళ్ళీ విడదీసే డీకంపైలర్ పెడితే బొమ్మలు, గొంతు బయటికొస్తాయి. తెలుగు మాత్రం యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో ఉంటుంది. కాపీ చేసి అతికిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాక కూడా ఒత్తులు సరిగ్గా కూర్చున్నాయా లేదా అని ఒక మనిషి వరుస వరుసా చదవాలి. ఆ మనిషికి బడ్జెట్లో పద్దు లేదు.

వీడియోల సంగతి తేలికే. ఫ్లాష్ కాలం నాటి ఎఫ్‌ఎల్‌వీ వీడియోని ఎంపీ4 చేసి, ఏ ముక్క ఎక్కడుందో చెప్పే ఇండెక్సును ఫైలు ముందుకి జరిపితే చాలు. జరపకపోతే ఫైలు చివరి ముక్క చేతికందేదాకా చక్రం తిరుగుతూనే ఉండొచ్చు.

అసలు ప్రజ్ఞ ‘తరువాత’ బటన్ దగ్గర చూపించారు. గొంతు ముగిసేదాకా అది వెలగకూడదని పాత నియమం. దాన్ని భక్తిగా కొత్త కోర్సులోకీ దించారు. అయితే 2018 నుంచి క్రోమ్, చూసేవాడు ఎక్కడో ఒకచోట నొక్కందే శబ్దాన్ని దానంతట అది మొదలవనివ్వదు. గొంతు మొదలవదు, కాబట్టి ముగియదు, కాబట్టి బటన్ వెలగదు. రైతు మొదటి స్లైడులోనే సమాధి స్థితికి చేరుకుంటాడు. ముందు ‘మొదలుపెట్టండి’ అని ఒక బటన్ పెడితే తీరిపోయేది. కానీ అది టెండరులో లేదు.

స్కార్మ్ ప్యాకేజీ, అంటే కోర్సును శిక్షణ సైటులోకి ఎక్కించే జిప్ మూట కూడా చేశారు. ఫోల్డర్ లోపలి ఫైళ్ళను జిప్ చేయాల్సింది పోయి, ఫోల్డర్ మీదే రైట్ క్లిక్ కొట్టారు. మూటలో ఏముందో చెప్పే మ్యానిఫెస్ట్ ఫైలు ఒక మెట్టు లోపలికి పోయింది, కోర్సులు నడిపే ఆ సైటు, అదే ఎల్‌ఎమ్‌ఎస్, గడప దగ్గరే ఆపేసింది. నాలుగోసారికి ఎక్కింది. స్కార్మ్ 1.2లో ‘ఎక్కడ ఆగాడు’ అని రాసుకునే చోటు 4096 అక్షరాలే. ప్రతి స్లైడులో ప్రతి నొక్కుడూ రాయిస్తే నిండిపోయి, మర్నాడు రైతు మళ్ళీ మొదటి స్లైడు నుంచే. పట్టుదలగా చివరిదాకా పోయి కిటికీని ఇంటూ కొట్టి మూసినవాడి పేరు పక్కన ‘అసంపూర్తి’ అనే పడుతోంది. ముగింపు కబురు పంపే కోడు ‘నిష్క్రమించు’ బటన్ కింద ఉంది మరి.

ఇంత చేసి పాఠం ఎవరైనా చదివారా అంటే, ఉత్తర్వులో ‘ఉన్నది ఉన్నట్లు మార్చవలెను’ అని ఉంది. మన దేశంలో వనామీ అనే విదేశీ రకం రొయ్య సాగుకి అనుమతి వచ్చింది 2009లో. పాఠం అంతకు ముందుది, టైగర్ రొయ్య గురించి. గుంటల్లో వనామీ ఎగురుతుంటే, టైగర్ రొయ్య ఇప్పుడు ఫోన్లో కూడా చక్కగా, ఎక్కడా ఆగకుండా తిరుగుతోంది.