వణుకు ఒకచోట, వైద్యం మరొకచోట

ముప్పై ఏళ్ల అనుభవం గల సీనియర్ మెకానిక్ చెప్పారంటూ తిరుగుతున్న ఒక వాట్సాప్ సందేశం నాకు ముందు విజయవాడలోని మా అపార్ట్‌మెంట్ గ్రూపు నుంచి, తరువాత ఉదయపు నడక మిత్రుల నుంచి, చివరికి గుంటూరులో ఉన్న మా బావగారి నుంచి కూడా వచ్చింది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే, అంటే రీజెన్ (మోటారే జనరేటర్‌లా తిరిగి కారును నెమ్మదింపజేస్తూ బ్యాటరీని నింపే పద్ధతి) అందుకోగానే, ఎలక్ట్రిక్ కారు వణికితే ఏం చేయాలో అందులో ఆరు అంశాలుగా సెలవిచ్చారు. ఒకటి, బ్రేకు డిస్కులు వంగిపోయాయి కాబట్టి వెంటనే ఆటోనగర్‌లో లేత్ పట్టించాలి, అంటే యంత్రం మీద అరగదీయించాలి. రెండు, బ్యాటరీ సెల్స్ చచ్చిపోతున్నాయి కాబట్టి వారంటీ ఉండగానే కారు అమ్మేయాలి. మూడు, వణుకు మొదలవగానే గేరు న్యూట్రల్‌లో వేయాలి. నాలుగు, నారింజ రంగు ప్లగ్ ఊడదీసి పది నిమిషాల తరువాత పెడితే కంప్యూటర్ రీసెట్ అయి వణుకు పోతుంది. ఐదు, ఇంజిన్ లేని కారుకు వీల్ బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అనవసరం, నైట్రోజన్ నింపిస్తే చాలు. ఆరు, వారానికోసారి బ్రేకు గట్టిగా తొక్కాలి.

నాలుగో అంశంతో మొదలుపెడతాను, ఎందుకంటే దాన్ని పాటించినవారికి మిగిలిన ఐదింటితో పని పడకపోవచ్చు. ఆ నారింజ రంగు అందం కోసం వేసింది కాదు. 60 వోల్టుల డీసీ (ఒకే దిశలో పారే బ్యాటరీ కరెంటు) దాటిన కేబుళ్ల తొడుగు నారింజ రంగులోనే ఉండాలని ఎలక్ట్రిక్ వాహనాల భద్రత కోసం మన దేశం పెట్టుకున్న ఏఐఎస్-038 ప్రమాణం చెబుతోంది, అంటే ఆ రంగు కనిపించిన చోట చేయి పెట్టవద్దని అర్థం. మన రోడ్ల మీద తిరుగుతున్న చాలా ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీ ప్యాక్ సుమారు 300 నుంచి 400 వోల్టుల డీసీ ఇస్తుంది. ఇంట్లో వచ్చే ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాను తాకుతుంది కాబట్టి తీగ విడదీసినప్పుడు పుట్టిన ఆర్క్, అంటే గాలిలో దూకే విద్యుత్ మంట, ఆరిపోయే వీలుంటుంది, కానీ డీసీకి ఆ సున్నా లేదు, కాబట్టి కరెంటు పారుతుండగా ప్లగ్ లాగితే పుట్టే ఆర్క్ లోహాన్ని కరిగిస్తూ నిలబడుతుంది. శిక్షణ పొందిన టెక్నీషియన్ సైతం ముందు కారు ఆపి, 12 వోల్టుల బ్యాటరీ తీసి, ఇన్సులేటెడ్ గ్లవ్స్ తొడుక్కుని, ఆ తరువాతే సర్వీస్ ప్లగ్ అనే ఆ నారింజ ప్లగ్ లాగుతాడు, లాగిన తరువాత కూడా మోటారుకు కరెంటు మార్చి ఇచ్చే ఇన్వర్టర్‌లో చార్జి నిల్వ ఉంచుకునే కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా కంపెనీ చెప్పినన్ని నిమిషాలు ఆగి, మీటరుతో సున్నా వోల్టులు చూశాకే మిగిలిన పని ముట్టుకుంటాడు. ప్లగ్ తీసినంత మాత్రాన ప్యాక్ లోపలి సెల్స్ నిద్రపోవు. ఇంత జరిగాక వణుకు పోతుందా? అరిగిపోయిన జాయింటు రీసెట్‌తో మళ్లీ మొలవదు. ఏదైనా చెరిగితే, సర్వీస్ సెంటర్‌వాళ్లకు దారి చూపగలిగిన ఫాల్ట్ రికార్డు చెరగవచ్చు, పైగా వారంటీ నిరాకరించడానికి మనమే వారి చేతికి కారణం అందించినట్టవుతుంది. మన దేశంలో రేవా కారు రోడ్డెక్కిందే 2001లో కాబట్టి ఈ సీనియర్ గారి ముప్పై ఏళ్ల అనుభవం ఎలక్ట్రిక్ కార్ల మీద కాదని తేలికగానే తెలుస్తుంది. ఆయన ఇంకా సలహాలిస్తున్నారంటే ఆ ప్లగ్ స్వయంగా ఎన్నడూ ఊడదీయలేదని కూడా తెలుస్తుంది.

మూడో అంశం ప్రమాదంలో దాని తమ్ముడు. కనకదుర్గ ఫ్లైఓవర్ దిగేటప్పుడు కారును పట్టి ఉంచుతున్నది రీజెనే అయితే, సరిగ్గా అప్పుడు న్యూట్రల్‌లో వేసినవారికి ఆ పట్టు ఒక్కసారిగా జారిపోతుంది, బ్రేకు మీద కాలు పెట్టే అలవాటు తప్పిన డ్రైవరు తేరుకునేలోపు కారు ముందున్న ఆటో మీదికి వెళ్లిపోతుంది. న్యూట్రల్‌లో వణుకు ఆగిందంటే లోపం పోయిందని కాదు, రీజెన్ ఆగిందని మాత్రమే. పరీక్ష కోసం న్యూట్రల్‌ను వాడుకోవడం వేరే సంగతి, దాన్ని కింద చెబుతాను.

ఇక అందరూ నమ్మి కూర్చున్న మొదటి అంశం. కాలు తీసినప్పుడు కారు వేగాన్ని తగ్గిస్తున్నది మోటారు, ఆ బలం యాక్సిల్ అనే ఇరుసు గుండా చక్రానికి చేరుతోంది, బ్రేకు ప్యాడ్లు డిస్కును నొక్కనే లేదు. నొక్కని డిస్కు మీద నేరం మోపడం ఎలా? బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు రీజెన్ లోటును భర్తీ చేయడానికి తమంతట తామే ప్యాడ్లను వాడుకునే కార్లు కొన్ని ఉన్నాయి, అందుకే చార్జింగ్ 40 నుంచి 70 శాతం మధ్య ఉన్నప్పుడు పరీక్షించాలి. ఆ పరీక్షకు పైసా ఖర్చు లేదు. తెల్లవారుజామున వాహనాలు లేని సూటి రోడ్డు మీద, వెనుక ఎవరూ లేరని చూసుకుని, డెబ్బై కిలోమీటర్ల వేగంలో రీజెన్‌ను సున్నా స్థాయిలో పెట్టి కాలు తీయండి, అదే వేగంలో గరిష్ఠ స్థాయిలో పెట్టి మళ్లీ తీయండి, చివరగా న్యూట్రల్‌లో ఉంచి బ్రేకు నిదానంగా తొక్కండి. ఈ చివరిది ఎందుకంటే చాలా ఎలక్ట్రిక్ కార్లలో బ్రేకు పెడల్ కూడా ముందు రీజెన్‌నే పిలుస్తుంది, న్యూట్రల్‌లో అయితే పనిచేసేవి డిస్కులు మాత్రమే.

మూడింటిలోనూ వణికితే టైర్లు, బ్యాలెన్సింగ్, వీల్ బేరింగులు చూడాలి. న్యూట్రల్‌లో బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వణికి, పెడల్ కాలి కింద కొట్టుకుంటే అప్పుడు డిస్కులను నిరభ్యంతరంగా నిందించవచ్చు. రీజెన్ గరిష్ఠంగా ఉన్నప్పుడు మాత్రమే వణికితే వెతకాల్సినవి యాక్సిల్ లోపలివైపు సీవీ జాయింటు (మోటారు బలాన్ని యాక్సిల్‌కు అందించే కీలు), మోటారు మౌంటింగులు (మోటారును పట్టి ఉంచే రబ్బరు బిగింపులు), లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీకి ఉండే రబ్బరు కీళ్లు). కారు పరుగెత్తేటప్పుడు వీటి మీద బలం ఒకవైపు పడితే రీజెన్‌లో దానికి ఎదురువైపు పడుతుంది, అందుకే వదులైన తలుపు బందు నెట్టినప్పుడు నోరు మెదపకుండా లాగినప్పుడు మాత్రమే కిర్రుమన్నట్టు, ఒకవైపు చిరిగిన మౌంటింగు రీజెన్‌లోనే బయటపడుతుంది. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కూడా అదే వణుకు వస్తుంటే అనుమానం సీవీ జాయింటు మీదికి మరింతగా మళ్లుతుంది.

లెక్క మీద నమ్మకం ఉన్నవారికి ఇంకో దారి ఉంది. మన కార్ల టైరు ఒక చుట్టుకు సుమారు రెండు మీటర్లు దొర్లుతుంది, 72 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 20 మీటర్లు, అంటే చక్రం సెకనుకు పది చుట్లు తిరుగుతుంది. వణుకు సెకనుకు పది సార్లు వస్తుంటే అది చక్రానికో, టైరుకో, డిస్కుకో సంబంధించినది, ముప్పై సార్లు వస్తుంటే మూడు రోలర్లు ఉండే లోపలి సీవీ జాయింటును చూడాలి. కంపనాన్ని కొలిచే యాప్ ఉన్న ఫోన్‌ను సీటు పట్టాల దగ్గర కదలకుండా ఉంచి, పక్కన కూర్చున్నవారు చూస్తే చాలు. గుంతలోనో తడి ఇనుప మూత మీదనో చక్రం జారినప్పుడు రీజెన్ క్షణంపాటు తెగి కారు ముందుకు తోసినట్టు అనిపించడం మాత్రం లోపం కాదు, చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే ఏబీఎస్ తన పని తాను చేసిందంతే.

ఇవేవీ చూడకుండా లేత్ పట్టిస్తే ఏమవుతుందంటే, బాగున్న డిస్కు పలచబడుతుంది. సాధారణంగా డిస్కు మీదే కనీస మందం అచ్చువేసి ఉంటుంది, ఆ హద్దు దాటితే అది చెత్తలోకి పోవాల్సిందే. ఆటోనగర్ లేత్ పనివారిని నేను తప్పుపట్టడం లేదు, మనం డిస్కు పట్టుకెళ్లి అరగదీయమంటే వారు అరగదీస్తారు, యాక్సిల్ సంగతి అడగడం వారి పని కాదు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్ వైపు నీళ్లలో నిలిచిపోయిన కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారైతే డిస్కులకన్నా ముందు సీవీ జాయింటు రబ్బరు బూట్లు (తొడుగులు), చక్రాల బేరింగులు చూపించుకోవాలి, చిరిగిన బూటులోకి బురదనీరు చేరితే గ్రీజు పాడై జాయింటు అరిగిపోతుంది.

ఐదో అంశానికి ఎక్కువ సమయం ఇవ్వను. ఇంజిన్ లేకపోయినా చక్రాలు నాలుగూ ఉన్నాయి, బ్యాటరీ బరువు వాటి మీద అదనంగా ఉంది. నైట్రోజన్ విషయానికొస్తే, మామూలు గాలిలోనే అది 78 శాతం ఉంటుంది, మిగిలిన 22 శాతం మార్పించుకుంటే తప్పిన బ్యాలెన్సింగ్ సరవుతుందని నమ్మేవారితో వాదించే ఓపిక నాకు లేదు.

ఆరో అంశం మాత్రం నిజం. రీజెన్‌తోనే నడిచే కారులో ప్యాడ్లకు పని చాలా తక్కువ, కృష్ణ ఒడ్డున ఉండే మన తేమకు, వానాకాలంలో రోజుల తరబడి పార్కింగులో నిలిచే కార్లకు డిస్కు మీద తుప్పు మచ్చలు మచ్చలుగా పట్టి, బ్రేకు తొక్కినప్పుడు నిజంగానే కొట్టుకుంటుంది. రీజెన్ తగ్గించి, ఖాళీ రోడ్డు మీద మధ్యస్థ వేగం నుంచి కొన్నిసార్లు గట్టిగా బ్రేకు వేస్తే లేత తుప్పు ప్యాడ్లకే రాలిపోతుంది. విచిత్రమేమిటంటే, ఈ సలహాను పాటించేవారికి ఆ సందేశంలోని మొదటి సలహా అవసరం చాలావరకు రాదు, రెండూ ఒకే చేత్తో ఎలా రాశారో అర్థం కాదు.

మిగిలింది రెండో అంశం, బ్యాటరీ. బలహీనపడిన సెల్స్ ఉన్న ప్యాక్ చార్జింగ్ కరెంటును ఎక్కువగా తీసుకోలేదు కాబట్టి దాని నియంత్రణ వ్యవస్థ రీజెన్‌ను తగ్గిస్తుంది, కొన్నిసార్లు మధ్యలో కోసేస్తుంది. అప్పుడు తెలిసేది ఒక కుదుపు, లేదా కారు ఎప్పటిలా ఆగడం లేదన్న భావన. చక్రం వేగంతోపాటు పెరిగి తగ్గే వణుకును పుట్టించడం బ్యాటరీ వల్ల అయ్యే పని కాదు. బ్యాటరీకి సాధారణంగా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంటుంది, యాక్సిళ్లు, మౌంటింగులు మాత్రం అంతకన్నా తక్కువ కాలపు మామూలు వారంటీ కిందికి వస్తాయి, కాబట్టి తొందరపడాల్సింది కారు అమ్మడానికి కాదు, ఏ వేగంలో, ఎంత చార్జింగ్‌లో, ఏ రీజెన్ స్థాయిలో వణుకుతోందో రాసి సర్వీస్ సెంటర్‌లో ఫిర్యాదు నమోదు చేయించడానికి. అయినా అమ్మేస్తామంటే నిరభ్యంతరంగా అమ్మండి, బ్యాటరీ పోయిందన్న ధరకు కొన్నవాడు ఒక యాక్సిల్ మార్పించుకుని హాయిగా హైదరాబాదు వెళ్లి వస్తాడు.