సంతకం సరే, గాజు ఎవరిది?

గాజు మీద ఒక పేరు చెక్కడానికి చేతిలో ఇమిడే చిన్న డ్రిల్లు, ఐదు నిమిషాల టైమ్ చాలు. ఆన్‌లైన్‌లో పాత గాజు వస్తువులు కొనేవాళ్లు మాత్రం అన్నిటికంటే ముందు ఆ పేరునే వెతుకుతారు, ధర కూడా దాన్ని బట్టే పలుకుతుంది. నకిలీలు చేసేవాళ్లకు ఇంతకంటే సులువైన దారి ఇంకేం కావాలి?

రెనే లాలిక్ సంగతే తీసుకోండి. ఈ ఫ్రెంచ్ గాజు కళాకారుడు 1945లో చనిపోయారు. ఆయన ఉన్న రోజుల్లో చేసిన వస్తువుల మీద ఆర్. లాలిక్ అని ఉంటుంది, ఆయన పోయాక ఆ ఆర్ తీసేసి ఉత్త లాలిక్ అని వేయడం మొదలైంది. ఆ పేరుతో గాజు ఇప్పటికీ తయారవుతోంది. దాంతో ఏమైందంటే, తర్వాత కాలంలో వచ్చిన వస్తువు మీద ముందు ఒక ఆర్ చెక్కేస్తే అది రెండో ప్రపంచ యుద్ధానికి ముందుది అయిపోతుంది, ధర మారిపోతుంది. ఒక్క అక్షరంతో.

ఎమిల్ గాలే కథ ఇంకా విచిత్రం. ఈయనది ఫ్రాన్స్‌లోని నాన్సీ, పోయింది 1904లో. రంగురంగుల గాజు పొరలు ఒకదాని మీద ఒకటి వేసి, పై పొరను యాసిడ్‌తోనో చక్రంతోనో తొలిచి, పూలూ ఆకులూ తూనీగలూ తేల్చిన పని ఆయనది. చాలా ఏళ్ల తర్వాత రొమేనియాలో ఆ తరహాలో వాజులు చేసి గాలే అని వేశారు, కానీ పక్కనే టిప్ అని కూడా వేశారు. వాళ్ల భాషలో టిప్ అంటే రకం, అంటే ఇది గాలే కాదు, గాలే రకం అని తయారుచేసినవాళ్లే చెప్పేశారు. ఆ మూడు అక్షరాలను అరగదీసి నున్నగా చేస్తే మిగిలేది గాలే. అబద్ధం ఫ్యాక్టరీలో పుట్టలేదు, వస్తువు చేతులు మారే చోట పుట్టింది. మొత్తం వ్యవహారంలో నాకు ముఖ్యంగా కనిపించేది ఇదే.

ఎందుకంటే దొంగ సంతకాలు అసలు సమస్యలో ఒక ముక్క మాత్రమే. వస్తువు మంచిదే, పాతదే, చేత్తో ఊది చేసిందే, కానీ చెప్పిన పేరే తప్పు. ఇలాంటివి దొంగ సంతకాల కంటే చాలా ఎక్కువ, పట్టుకోవడం కూడా కష్టం.

డాలస్‌లో ఉండే మా పిన్ని కూతురు కొత్తింట్లో పెట్టుకుందామని ఒక వాజ్ చూసి, "అక్కా, ఇది తీసుకోనా?" అని లింకు పంపింది. మందపాటి గాజు, లోపల ఎరుపు, దాని చుట్టూ నీలం, పైన రంగులేని గాజు. మురానో, ఫ్లావియో పోలి, సెగూసో, 1950ల నాటిది, అరుదైనది అని రాశాడు అమ్మేవాడు. మురానో అంటే వెనిస్ పక్కనున్న గాజు దీవి, పోలి అక్కడి డిజైనర్, సెగూసో ఆయన పనిచేసిన ఫ్యాక్టరీ. 380 డాలర్లు. ఆరు ఫొటోలు పెట్టాడు, ఒక్కదాంట్లోనూ అడుగు భాగం లేదు. అడిగితే పంపాడు. సంతకం లేదు, స్టిక్కర్ లేదు. నేను చూసినంతవరకు ఆ ఆకారం, ఆ బరువైన అడుగు చెక్ గాజువి, ష్కర్‌డ్లోవిత్సె అనే ఊళ్లో ఎమానుయెల్ బెరానెక్ 1940ల్లో మొదలుపెట్టిన ఫ్యాక్టరీ కేటలాగుల్లో అలాంటిదే ఉంది. అదే మాట అతనికి రాయించాను. "ఫొటో పెట్టి వెతికితే మురానో అనే వచ్చింది" అని జవాబిచ్చాడు. ఆ మనిషి మోసం చేయాలనుకున్నాడని నేను అనుకోవడం లేదు. అతను నిజంగానే అది మురానో అని నమ్ముతున్నాడు.

మురానోకి ఇంత పేరు ఊరికే రాలేదు. కొలుములతో ఊరికి నిప్పంటుకుంటుందని వెనిస్ ప్రభుత్వం 1291లో కొలుములన్నిటినీ పక్కనున్న ఆ దీవికి తరలించింది, అప్పట్నుంచి ఆ పని అక్కడ సాగుతూనే ఉంది. ఒక రంగు గాజును మరో రంగులో ముంచి తీసే పద్ధతిని వాళ్లు సొమ్మెర్సో అంటారు, మునిగినది అని అర్థం. ఫ్లావియో పోలి 1950ల్లో ఈ పద్ధతిలో చేసినవి నిజంగా గొప్పవి. కానీ పద్ధతికి ఊరి పేరు ఉండదు కదా. చెకోస్లొవేకియాలో చేశారు, జపాన్‌లో చేశారు, చైనాలో ఇప్పటికీ చేస్తున్నారు. పైగా అప్పటి మురానో ఫ్యాక్టరీలు చాలావరకు సంతకాలు చేయలేదు, కాగితం స్టిక్కర్లే అంటించాయి, అవి కడిగితే ఊడిపోతాయి. ఊడిపోయిన స్టిక్కరు ఇంకో వాజ్ మీద అతుక్కోవడం కూడా జరుగుతుంది.

చెక్ గాజుకు జరిగింది ఇంకా అన్యాయం. యుద్ధం తర్వాత అక్కడి ఫ్యాక్టరీలు ప్రభుత్వం చేతికి వెళ్లాయి, ఎగుమతులు గ్లాసెక్స్‌పోర్ట్ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా జరిగేవి. స్టిక్కర్ మీద దేశం పేరు ఉండేది తప్ప డిజైన్ చేసిన మనిషి పేరు ఉండేది కాదు. ఖ్రిబ్‌స్కా ఫ్యాక్టరీలో జోసెఫ్ హొస్పొడ్కా గీసిన ఆకారాలు ఈరోజు సగం ప్రపంచంలో మురానో పేరుతో అమ్ముడవుతున్నాయి. కొన్నవాళ్లు డబ్బు నష్టపోతారు, నిజమే, దాని గురించే అందరూ మాట్లాడతారు. చేసినవాడి పేరు పోవడం గురించి ఎవరూ మాట్లాడరు. బతికుండగా ప్రభుత్వం చెరిపేసిన పేరును పోయాక మార్కెట్ మళ్లీ చెరిపేస్తోంది.

ఇప్పుడు ఫొటో సెర్చ్ దగ్గరికి వద్దాం. ఎవరో ఒకరు పదేళ్ల కింద ఊహించి మురానో అని రాస్తారు. అది అమ్ముడవుతుంది. ఇంకొకరి ఇంట్లో అలాంటిదే దొరికితే ఫొటో తీసి ఫోన్‌లో వెతుకుతారు, ఫోన్ ఆ పాత లిస్టింగ్ చూపిస్తుంది, వీళ్లూ మురానో అనే రాస్తారు. ఇలా యాభై అయ్యాక అన్నీ ఒకదానికొకటి సాక్ష్యం చెప్తుంటాయి, మొదటిది ఊహ అనే సంగతి ఎవరికీ కనపడదు. ఫోన్ చూసేది ఆకారం, రంగు. ఆ గాజు ఎక్కడ కరిగిందో దానికేం తెలుసు? తయారుచేసేటప్పుడు వస్తువును పట్టుకున్న ఇనుప కడ్డీని విరిచిన మచ్చ అడుగున ఉందా, దాన్ని సాన పట్టారా, గీతలు ఏళ్ల తరబడి అటూ ఇటూ పడినవా, లేక గరుకు కాగితం మీద ఒకే వైపు రుద్దినవా అనేది చేత్తో పట్టుకుని చూడాలి, కనీసం మంచి ఫొటోలో చూడాలి.

మరి సైట్లను చట్టం ఏమీ అనదా అంటే, కొంత అంటుంది. 2010లో అమెరికా అప్పీలు కోర్టు నగల కంపెనీ టిఫనీకి, ఆన్‌లైన్ అమ్మకాల సైటు ఈబేకి మధ్య కేసులో ఒక మాట తేల్చింది: నకిలీలు అమ్ముడవుతున్నాయని మామూలుగా తెలిసినంత మాత్రాన సైటు బాధ్యత కాదు, ఫలానా లిస్టింగ్ నకిలీ అని తెలిసి కూడా వదిలేస్తేనే ట్రేడ్‌మార్క్ విషయంలో బాధ్యత. ఆ కేసు వెండి నగల గురించి, కానీ గాజుకూ అదే లెక్క. అప్పుడు ఫిర్యాదు చేయాల్సింది ఎవరు? బ్రాండ్ హక్కులున్న కంపెనీ. టిఫనీకి లాయర్లున్నారు, లాలిక్‌కి ఉన్నారు. చెక్ ప్రాంతమైన బొహీమియాలో మెరిసే రంగుల గాజు చేసిన లోట్జ్ ఫ్యాక్టరీ 1947లోనే ఆగిపోయింది, దాని పేరు దొంగతనంగా చెక్కితే ఎవరు నోటీసు పంపుతారు? లోట్జ్ అని అమ్మేవాటిలో బొహీమియాలోనే ఉన్న క్రాలిక్, రిండ్‌స్కోఫ్ లాంటి ఫ్యాక్టరీలవి బోలెడు. వాళ్ల తరఫున అడిగేవాళ్లు అసలే లేరు.

అమెరికాలో 2023 జూన్ నుంచి అమల్లో ఉన్న ఇన్‌ఫార్మ్ చట్టం ప్రకారం ఏడాదిలో 200 అమ్మకాలు, 5,000 డాలర్లు దాటిన అమ్మకందారుల వివరాలు సైట్లు సరిచూడాలి. కానీ అది కొత్త వస్తువులకు, వాడని వస్తువులకు పెట్టిన చట్టం, పాత వాజ్ అమ్మేవాళ్లకు వర్తించదు. వర్తించినా అమ్మేది ఎవరో తెలుస్తుంది, అమ్మేది ఏమిటో తెలియదు. మురానోకి 1994లో వెనెటో ప్రాంత ప్రభుత్వం చట్టం చేసి ఒక ట్రేడ్‌మార్క్ ఇచ్చింది, చేతివృత్తుల ఉత్పత్తులకు ఊరి పేరుతో రక్షణ ఇచ్చే యూరప్ నిబంధన కూడా 2025 డిసెంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. ఇవి కొత్త గాజుకు పనికొస్తాయి. అరవై ఏళ్ల కింద చేసి, స్టిక్కర్ ఊడిపోయిన వాజ్‌ని ఇవేం కాపాడతాయి?

మన దగ్గరా ఇదే అలవాటు. పాత అద్దం కాస్త బాగుంటే చాలు బెల్జియం అద్దం అనేస్తాం, పాత షాండ్లియర్ కనిపిస్తే బెల్జియం అంటాం. బెల్జియం నుంచి వచ్చినవి ఉన్నాయి, కాదనను. కానీ బర్మింగ్‌హామ్‌కి చెందిన ఆస్లర్ కంపెనీ కలకత్తాలో షోరూమే పెట్టి మన రాజులకూ జమీందార్లకూ అమ్మింది, ఆ తర్వాత ఫిరోజాబాద్ కూడా చేసింది. మన చేతులకు గాజులు పంపే ఆ ఊళ్లోనే జైన్ గ్లాస్ వర్క్స్ మెరిసే రంగుల వాజులు, గ్లాసులు చేసింది, కొన్నిటి మీద జైన్ అనే అక్షరాలు అచ్చులోనే ఉంటాయి. కార్నివాల్ గ్లాస్ అనే ఇలాంటి మెరిసే రంగుల అచ్చు గాజును సేకరించే విదేశీయులు వాటిని ఇప్పుడు వెతుక్కుని కొంటున్నారు. మనవాళ్ల పని మనకే తెలియక పరాయి పేరు పెట్టి అమ్మితే నాకు బాధగానే ఉంటుంది.

సైట్లు చేయగలిగింది లేదంటే ఒప్పుకోను. షూ అమ్మాలంటే సైజు రాయకుండా లిస్టింగ్ ముందుకు కదలదు. అలాగే గాజు విభాగంలో అడుగు ఫొటో లేకుండా కదలనివ్వకూడదు, పేరు రాసిన చోట ఎలా తెలుసు అని ఒక గడి పెట్టాలి, సంతకమా, స్టిక్కరా, కేటలాగు పేజీయా, ఊహా అని. ఊహ అయితే ఊహ అని రాయడంలో సిగ్గు లేదు, మ్యూజియంలే రాస్తాయి. పేరు తప్పని తిరిగొచ్చిన వస్తువును అదే పేరుతో మళ్లీ పెట్టకుండా ఆపడం కూడా పెద్ద టెక్నాలజీ కాదు. కమిషన్ ఎక్కువ ధర మీద ఎక్కువ వస్తుంది కాబట్టి తొందర లేదు, అంతే.

మా చెల్లి ఆ వాజ్ తీసుకోలేదు. చెక్ వాజ్ అని రాసి 90 డాలర్లు అంటే తీసుకునేదాన్ని, బాగానే ఉంది కదా అంది. పది రోజుల తర్వాత చూస్తే ఎవరో 380కే కొనేశారు. లిస్టింగ్ ఇంకా అలాగే ఉంది, పైన మురానో, ఫ్లావియో పోలి అని. అలాంటి వాజ్ ఫొటో పెట్టి వెతికితే వచ్చే జవాబుల్లో ఇప్పుడు అది మొదటి వరుసలోనే కనిపిస్తోంది.