గాలివానొస్తే వాయిదా ఆగే అప్పు

2024 జూన్ 29న బార్బడోస్‌లో టీ20 వరల్డ్ కప్ గెలిచాక మనవాళ్లు మూడు నాలుగు రోజులు హోటల్లోనే ఇరుక్కుపోయారు, గుర్తుందా? మన సిరాజ్ కూడా ఆ జట్టులోనే ఉన్నాడు. బెరిల్ హరికేన్ వస్తోందని ఎయిర్‌పోర్టు మూసేశారు. మన చానళ్లకి కప్పు ఎప్పుడొస్తుందన్నదే టెన్షన్, విమానం ఢిల్లీలో దిగగానే బెరిల్‌ని అందరం మర్చిపోయాం. ఆ బెరిల్ బార్బడోస్‌ని పక్కనుంచి తాకి, జులై 1న గ్రెనడా దేశంలోని కరియకూ అనే చిన్న దీవి మీద పడింది. అక్కడ దెబ్బతినని ఇల్లంటూ దాదాపు మిగల్లేదు.

గ్రెనడా అంటే జెండా మీద జాజికాయ బొమ్మ వేసుకున్న దేశం. 2004లో ఐవన్ హరికేన్ ఆ జాజి తోటల్ని చాలావరకు నేలకూల్చింది. ఈ ఏడాది పోతే వచ్చే ఏడాది వేసుకుందాంలే అనుకోడానికి అది వరి కాదు, చెట్టు కాపుకి రావడానికే ఏళ్లు పడుతుంది. మొత్తం నష్టం దేశపు జీడీపీకి దాదాపు రెండింతలు. పాత అప్పుల వాయిదాలు మాత్రం తేదీ తప్పకుండా గుమ్మంలో నిలబడ్డాయి. పత్రాలు తిరగరాయించుకున్నారు, అయినా 2013లో మళ్లీ చేతులెత్తేశారు.

రెండోసారి అప్పులవాళ్లతో బేరమాడినప్పుడు, 2015లో, పత్రంలో ఒక షరతు రాయించుకున్నారు. పెద్ద హరికేన్ వస్తే కొన్ని వాయిదాలు వెనక్కి జరగాలని. బెరిల్ వచ్చాక దాన్నే బయటికి తీశారు. మన దగ్గర పంట పోతే పంట రుణం రీషెడ్యూల్ చేస్తారు చూడండి, అలాంటిదే, కాకపోతే మన రైతు బ్యాంకు చుట్టూ తిరగాలి, గ్రెనడాకి ఆ హక్కు ముందే రాసి ఉంది. బార్బడోస్ ప్రధాని మియా మోట్లీ ఏళ్లుగా పోరుతున్నది కూడా దీని గురించే. 2023లో ప్రపంచ బ్యాంకు సైతం చిన్న దేశాలకు ఈ వెసులుబాటు ఇస్తామంది.

నన్నడిగితే ప్రతి వాతావరణ సదస్సులో అభివృద్ధి బ్యాంకులు చదివే పెద్ద పెద్ద అంకెల కన్నా ఈ ఒక్క షరతు ఎక్కువ పనికొస్తుంది. తుఫాను వెలిశాక మొదటి నెలల్లో కావాల్సింది చేతిలో డబ్బు. ఇంటి రేకులకి, కరెంటు స్తంభాలకి, మంచినీళ్లకి. ఆ డబ్బు ఎక్కడో లేదు, అప్పులవాడికి కట్టబోతున్న వాయిదాలోనే ఉంది. అలాగని ఇది మాఫీ కాదు, అసలూ వడ్డీ తర్వాతైనా కట్టాల్సిందే.

ఇన్సూరెన్స్ లాంటి దారి ఇంకోటుంది గానీ దాని తంతు వేరు. జమైకా కోసం ప్రపంచ బ్యాంకు క్యాట్ బాండ్ (పెద్ద విపత్తు వస్తే మదుపరుల సొమ్ము ఆ దేశానికి వెళ్లే బాండ్) ఒకటి జారీ చేసింది. హరికేన్ మధ్యలో గాలి పీడనం ఫలానా అంకె కన్నా కిందికి పడిపోతేనే డబ్బులొస్తాయి. బెరిల్ జమైకాని కొట్టింది, పీడనం మాత్రం ఆ అంకె దాకా దిగలేదు, పైసా రాలేదు. 2025 అక్టోబర్ 28న జమైకా మీదికి మెలిస్సా హరికేన్ వచ్చింది (మన కోస్తాలో మొంథా తీరం దాటిందీ ఆ రోజే), ఈసారి పూర్తి సొమ్ము వచ్చింది, 15 కోట్ల డాలర్లు. నష్టం అంచనా 880 కోట్ల డాలర్లు!

తక్కువ వడ్డీ అప్పు ఎవరికివ్వాలన్న దగ్గర ఇంకో మెలిక. బ్యాంకులు ప్రధానంగా తలసరి ఆదాయం చూస్తాయి, అంటే తెల్ల రేషన్ కార్డు లెక్కే. డొమినికా, గ్రెనడా లాంటి కొన్ని చిన్న దీవులకి ప్రపంచ బ్యాంకు 1985 నుంచీ మినహాయింపు ఇస్తోంది, బార్బడోస్ మాత్రం 'సంపన్న' దేశం కాబట్టి బయటే. ఆదాయం ఎంతుందో చూస్తారు సరే, అది ఒక్క రాత్రిలో ఎంత పోగలదో కూడా చూడాలి కదా? 2017లో మరియా హరికేన్ డొమినికాకి మిగిల్చిన నష్టం జీడీపీలో 226 శాతం. ఇలాంటి ముప్పుని కొలిచే సూచికని 2024లో ఐక్యరాజ్యసమితి ఆమోదించింది, అప్పులిచ్చే చోట దాన్ని తప్పనిసరి మాత్రం చేయలేదు.

ఈ దీవులు వదిలే పొగ ప్రపంచం లెక్కలో కంటికి ఆనదు. అయినా కూలిన బడి మళ్లీ కట్టుకోడానికి కొత్త అప్పే దిక్కవుతోంది. నష్టపరిహారం కోసమని 2022లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్ వాతావరణ సదస్సులో నిధి పెడదామని ఒప్పుకున్నారు. మెలిస్సా వచ్చేనాటికి దానికి అన్ని దేశాలూ కలిపి ఇస్తామన్నది వంద కోట్ల డాలర్లు కూడా దాటలేదు.