లోను ఇచ్చే చెయ్యి, బిల్లు ఆపే చెయ్యి

చిన్న వ్యాపారాలకు ఏం చేశారని అడిగితే ఏ పార్టీ మంత్రి అయినా చెప్పేది ఒకటే లెక్క: ఇన్ని లక్షల మందికి ఇన్ని వేల కోట్ల లోన్లు ఇచ్చాం. ఆ డబ్బుతో వ్యాపారం పెరిగిందా, మూడేళ్లకే షట్టర్ దించేసిందా అన్నది మాత్రం ఆ ప్రసంగాల్లో వినపడదు. మన రుణ పథకాలు వ్యాపారం మొదలుపెట్టించడం మీద చూపే శ్రద్ధ దాన్ని నిలబెట్టడం మీద చూపవు.

2015 ఏప్రిల్‌లో వచ్చిన ముద్రనే చూడండి. తనఖా అక్కర్లేదు. శిశు కింద 50 వేల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు, తరుణ్ కింద 10 లక్షల వరకు. పేర్లు చూస్తే బిడ్డ ఎదిగినట్టు వ్యాపారమూ ఒక్కో మెట్టు ఎక్కుతుందనిపిస్తుంది. కానీ శిశు లోను తీర్చినంత మాత్రాన కిశోర్ ఇచ్చి తీరాలన్న హామీ ఏదీ లేదు. మళ్లీ కొత్త దరఖాస్తు, మళ్లీ సిబిల్ స్కోరు, మళ్లీ మేనేజర్ దయ. తోపుడు బండ్లవాళ్ల కోసం 2020లో తెచ్చిన స్వనిధి ఈ విషయంలో నయం. మొదట 10 వేలు, అది తీరిస్తే 20 వేలు, అదీ తీరిస్తే 50 వేలు. 2025లో మొదటి రెండు విడతలను 15 వేలకు, 25 వేలకు పెంచారు. సక్రమంగా కట్టడమే తర్వాతి లోనుకు అర్హత. ముద్రలో ఇలాంటి ఏర్పాటు 2024 అక్టోబర్‌లో వచ్చింది, అదీ పై మెట్టు మీదున్న వాళ్లకే: తరుణ్ లోను తీర్చినవారికి 20 లక్షల వరకు.

ఇక తనఖా లేని లోన్లకు గవర్నమెంటు ఇచ్చే గ్యారంటీ సంగతి. ‘గవర్నమెంటే హామీ కదా’ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ హామీ బ్యాంకుకు, మనకు కాదు. వాయిదాలు ఆగితే మునిగేది మన స్కోరే. ఆ హామీకి ఏటా కట్టే ఫీజు కూడా సాధారణంగా అప్పు తీసుకున్నవాడి నెత్తినే పడుతుంది. సూక్ష్మ, చిన్న పరిశ్రమల రుణ హామీ ట్రస్టు హామీ ఇచ్చే లోను పరిమితి 2023లో 2 కోట్ల నుంచి 5 కోట్లకు, 2025లో 10 కోట్లకు పెరిగింది. అయినా మేనేజర్లు ఇంటి కాగితాలు అడగడం మానలేదు. హామీ వర్తించేది అప్పులో కొంత భాగానికే. లోను మొండి బకాయి అయితే సంజాయిషీ చెప్పుకోవాల్సింది సంతకం పెట్టినవాడే. అతని భయమూ అర్థం చేసుకోదగ్గదే.

అసలు దెబ్బ వేరేచోట ఉంది. సిరిసిల్లలో 2017 నుంచి రాష్ట్ర ప్రభుత్వమిచ్చిన బతుకమ్మ చీరల ఆర్డర్లతో సాంచాలకు, అంటే మరమగ్గాలకు, చేతినిండా పని దొరికింది. ప్రభుత్వం మారాక, 2024 మొదట్లో, పాత బిల్లులు పేరుకుపోయాయి, కొత్త ఆర్డర్లు రాలేదు, సాంచాలు ఆగిపోయాయి. అప్పు చేసి సాంచాలు పెట్టుకున్న ఆసామి పరిస్థితి ఊహించండి. నూలు కొన్నాడు, కూలీ ఇచ్చాడు, బట్ట అప్పగించాడు. బిల్లు ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేడు. వాయిదా మాత్రం నెల తిరిగేసరికి వస్తుంది. అది కట్టక 90 రోజులు దాటితే ఆ ఖాతా మొండి బకాయి. ఇక అతనికి మరే పథకంలోనైనా లోను పుట్టడం కష్టమే. ఎగవేసింది అతను కాదు, కానీ ఎగవేతదారన్న పేరు అతనికే.

చిన్న యూనిట్ల బిల్లులు సకాలంలో చెల్లించాలన్న చట్టం లేదా అంటే, 2006 నుంచీ ఉంది. గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలి, ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ కట్టాలి. చదవడానికి బాగానే ఉంటుంది. రేపు ఆర్డర్ ఇవ్వాల్సినవాడి మీద ఈ రోజు కేసు వేసే చిన్న వ్యాపారి ఎవరు? 2023-24 నుంచి ఆదాయపు పన్నులో ఒక మెలిక పెట్టారు: గడువులోగా చెల్లించని బిల్లును కొన్నవాడు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేడు. ప్రైవేటు కంపెనీలకు ఇది కాస్త టెన్షనే. రాష్ట్ర ప్రభుత్వ శాఖకేం టెన్షన్? అది ఆదాయపు పన్నే కట్టదు. రావాల్సిన బిల్లులను ఆన్‌లైన్‌లో కాస్త తక్కువకు ఇచ్చి ముందే డబ్బు తీసుకునే ట్రెడ్స్ వేదికలో చేరాలన్న నిబంధన కూడా పెద్ద కంపెనీలకు, కేంద్ర ప్రభుత్వ సంస్థలకే.

కాబట్టి ఇంకో లోన్ మేళా కంటే ముందు చేయాల్సిన పని ఉంది. ప్రతి శాఖా చిన్న యూనిట్లకు తాను ఎంత బాకీ ఉందో తేదీలతో సహా నెలనెలా బయటపెట్టాలి. ప్రభుత్వ బిల్లు 45 రోజులు దాటిందని రుజువు చూపిన యూనిట్‌కు, ఆ మొత్తం మేరకు 90 రోజుల లెక్క ఆపాలి. ఇలా మినహాయింపులిస్తే క్రమశిక్షణ పోతుందని బ్యాంకర్లు అంటారు, రిజర్వ్ బ్యాంకు కూడా సులువుగా ఒప్పుకోకపోవచ్చు. అలాగైతే ఆ 45 రోజుల గడువు దాటిన రోజు నుంచి వడ్డీని బాకీపడ్డ శాఖ బడ్జెట్‌లోంచే తీయాలి. అప్పుడు ఆర్థిక శాఖే ఆ శాఖ వెంటపడుతుంది.